బిగించని బోల్టు మీద తెల్ల గీత

ఆ ఇంట్లో పానా పట్టడం మేస్త్రి పని, గీత పెట్టడం అక్కయ్య పని. మేస్త్రి బస్సు డిపోలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అక్కయ్య ఆయన భార్య. ఆవిడ తమ్ముడు వీధి మొదట్లోంచే "అక్కా" అని కేకేసుకుంటూ వస్తాడు కాబట్టి వీధి వీధంతా, ఆవిడకంటే పెద్దవాళ్ళతో సహా, ఆవిడని అక్కయ్య అనే పిలుస్తారు.

గీత సంగతి ఏమిటంటే, డిపోలో ఏ బోల్టునైనా చివరిసారి బిగించాక, నట్టు మీది నుంచి పక్కనున్న ఇనుము మీదికి తెల్ల రంగుతో సన్నగా ఒక గీత లాగేవారు. ఆ తర్వాత నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగినట్టు కనపడుతుంది. గీత ఉందంటే ఆ బోల్టు పని అయిపోయిందని, ఇక ఎవరూ దాని జోలికి పోనక్కర్లేదని అర్థం. బిగించకుండా గీత పెట్టినవాణ్ణి మేస్త్రి ఆ పూటకి షెడ్డులో నిలవనిచ్చేవాడు కాదు. రిటైరయ్యాక ఇంటి ముందు రేకుల కింద తెలిసినవాళ్ళ బండ్లు బాగుచేసేటప్పుడూ ఆ అలవాటు పోలేదు. కాకపోతే కుడిచెయ్యి వణకడం మొదలైంది. పానా పట్టుకుంటే వణకదు, కుంచె పట్టుకుంటేనే వణుకుతుంది. "బరువు లేకపోతే దానికి భయం" అనేవాడు నవ్వుతూ. అందుకని గీత అక్కయ్య వంతుకి వచ్చింది. తమ్ముడి కూతురు ఒకసారి మర్చిపోయి వెళ్ళిన తెల్ల గోళ్ళరంగు సీసా ఆ పనికి సరిగ్గా కుదిరింది.

"మా బావ దగ్గర రిపేరు చేయిస్తే బండికి గోళ్ళరంగు ఉచితం" అని తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

తమ్ముడిది మందుల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. కారు లేకపోతే అతనికి రోజు గడవదు. గోతిలో పడ్డప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుటక్కుమంటోందని దారిలో ఎవరికో చూపించుకున్నాడు. లోయర్ ఆర్మ్ పోయిందన్నారట. చక్రాన్ని బండి అడుగుకి పట్టి ఉంచే ఇనుప చెయ్యి అది. ఒక కొస చక్రానికి, రెండో కొస రెండు బోల్టులతో బండికి. ఆ రెండు బోల్టుల చోట ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. ఈ కబురు ఫోనులో వినగానే మేస్త్రికి చిన్నతనమైంది.

"నేను పోయాననుకున్నావా బావమరిదీ, ఎవడికో చూపించావు?"

"నువ్వు వంగలేకపోతున్నావని అక్క చెప్పింది బావా."

"మీ అక్క మాట వింటే నేను మంచం కూడా దిగకూడదు. ఆదివారం బండి తీసుకురా."

రెండు వీధుల అవతల స్పేర్ పార్టుల దుకాణంలో ఆర్మ్ కొన్నారు. ఆ దుకాణంలో కౌంటరు దగ్గర కూచునే ఆమెని మేస్త్రి ఇరవై ఏళ్ళుగా ఎరుగును. నలభై దాటిన మనిషి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, చెవి వెనక పెన్సిలు. ఏ బండికి ఏ వస్తువో పుస్తకం తెరవకుండా చెప్తుంది. "మీ చేతికి వెళ్తోందంటే వస్తువుకి మంచి రోజులే మేస్త్రి గారూ" అని ఆమె పెట్టె కట్టి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. బండిని జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, చక్రం ఊడదీశారు. చక్రం వైపు కొస అంత తేలిగ్గా ఊడలేదు. తమ్ముడు పొడుగు కమ్మీతో ఆర్మ్‌ని కిందికి అదిమి పట్టుకుంటే మేస్త్రి సుత్తితో పక్కనుంచి కొట్టాడు.

"గట్టిగా అదుమురా. పొద్దున తిన్నదంతా ఏమైంది?"

"నువ్వు సుత్తి వేస్తున్నది దాని మీదా, నా మీదా బావా?"

"ఏది ముందు ఊడితే దాని మీద."

నాలుగో దెబ్బకి ఊడింది. పాత ఆర్మ్ బయటికి వచ్చింది, బుష్‌లో రబ్బరు అరిగిపోయి పళ్ళూడిన నోరులా ఉంది. కొత్తది ఎక్కించి, బోల్టులు చేత్తో తిప్పి వదిలి, మేస్త్రి మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి తమ్ముడు పొడుగు పానా మీద ఒళ్ళంతా వేసి అన్ని బోల్టులూ బిగించేశాడు. చక్రం చోటు ఇంకా గాల్లోనే వేలాడుతోంది.

"వేలాడేదాని మీద ఎవడైనా బిగిస్తాడట్రా?"

"గట్టిగానే బిగించా బావా."

"గట్టిగా బిగించావా అని కాదు, ఎప్పుడు బిగించావన్నది ముఖ్యం. దించాక, బండి తన బరువు మీద తను నిలబడ్డాక, బుష్‌ల బోల్టులు రెండూ వదులు చేసి మళ్ళీ బిగించాలి. ముప్ఫై ఏళ్ళు ఈ మాటే అరిచాను. ఇంట్లోవాడికే ఎక్కలేదు."

చక్రం ఎక్కించి, ముందు చక్రాల కింద లావుపాటి చెక్కలు పెట్టి, బండిని వాటి మీదికి దించారు. కిందికి దూరేపాటి చోటు మిగిలింది. తమ్ముడు గ్రీజు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాడు. సాయంత్రానికల్లా అతను బయల్దేరాలి, మర్నాడు పొద్దున్నే వేరే ఊళ్ళో పని.

కాఫీ గ్లాసుతో బయటికి వచ్చిన అక్కయ్యకి మేస్త్రి సగం బండి కిందా సగం బయటా కనిపించాడు. పానా గుండెల మీద పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఏమైందండీ?"

"ఏం లేదు" అన్నాడు. కాసేపాగి, నెమ్మదిగా, "దేనికి దూరానా అని చూస్తున్నాను" అన్నాడు.

గ్లాసు కింద పెట్టి ఆవిడ ఆయన్ని లేవదీయబోయింది. నడుము పట్టేసింది. చెట్టంత మనిషి ఆవిడ భుజం మీద వాలి, పళ్ళు బిగబట్టి, అడుగులో అడుగేసుకుంటూ మంచం దాకా వచ్చాడు. పడుకున్న వెంటనే నిద్రపోయాడు. స్నానాలగదిలో తమ్ముడు ఈల వేసుకుంటున్నాడు. అతనికి ఏమీ తెలియదు. బావ మాటలు మధ్యలో ఆగిపోతున్నాయనీ, పాలు స్టవ్ మీద పెట్టి వీధిలోకి వెళ్ళిపోతున్నాడనీ, నిరుడు రెండుసార్లు భార్యనే, చచ్చిపోయిన తన అన్నగారి ముద్దుపేరుతో పిలిచాడనీ అక్కయ్య తమ్ముడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మేస్త్రికి కూడా చెప్పలేదు. చెప్తే ఆ జబ్బు ఇంట్లోకి వచ్చి కూచుంటుందని ఆవిడ భయం. చెప్పకపోతే గుమ్మం అవతలే ఉంటుందేమోనని ఆశ.

గంట తర్వాత ఆకాశం మూసుకొచ్చింది. చినుకులు మొదలయ్యాయి. మేస్త్రి కళ్ళు తెరిచి చుట్టూ చూసి, అక్కయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదిగో, రెండోసారి బిగించానా నేను?"

అధికారం చేస్తూ అడగలేదు. లెక్క తప్పిందేమోనని పంతులు ముఖంలోకి చూసే పిల్లాడిలా అడిగాడు. కాదంటే ఈ వర్షంలో ఆ నడుముతో మళ్ళీ బండి కిందికి దూరతాడు. అక్కడ మళ్ళీ ఆగిపోతాడు. ఈసారి తమ్ముడు చూస్తాడు. ఎలాగూ ఒకసారి బిగించి ఉన్నవే కదా, వాడి కండబలమంతా పెట్టి బిగించినవే కదా, ఇంకోసారి బిగిస్తే ఒరిగేదేముంది అనుకుంది ఆవిడ.

"బిగించారు."

"గీత?"

"పెట్టాను."

ఆయన ముఖం తేటపడింది. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. తమ్ముడు లోపలి గదిలో కునుకు తీస్తుండగా అక్కయ్య వంటింటి అల్మారాలోంచి సీసా తీసుకుని, రేకుల కిందికి వెళ్ళి, చక్రం పక్కన గొంతుక్కూచుని, చెయ్యి లోపలికి పోనిచ్చి రెండు బోల్టుల మీదా గీతలు పెట్టింది. గీతలు తిన్నగానే వచ్చాయి.

చీకటి పడకముందే తమ్ముడు వంగి గీతలు చూసుకుని, "బావకి చెప్పు, లేపకు" అని బండెక్కాడు. "వెళ్ళొస్తానక్కా" అన్నాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా అక్కయ్య గేటు పట్టుకుని నిలబడింది. అది ఆవిడకి ఎప్పుడూ ఉన్న అలవాటే. ఆ రోజు మాత్రం బండిని కాకుండా ఎడమ చక్రాన్నే చూసింది.

మూడు వారాలైనా గడవలేదు. పద్దెనిమిదో రోజునే టక్కుటక్కు మళ్ళీ మొదలైందని, బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోందని తమ్ముడు ఫోను చేశాడు. శనివారం పొద్దున వచ్చాడు. ఈసారి అతని మాటల్లో ఎగతాళి లేదు. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి పక్కకి ఒరిగి, సైకిలు మీద వెళ్తున్న ఒకతన్ని జానెడు దూరంలో తప్పించిందట.

మేస్త్రి టార్చి వేసి చూశాడు. బుష్‌లో రబ్బరు చుట్టూ చిరిగిపోయి ఉంది.

"గీత చెక్కు చెదరలేదు. బిగింపు బిగింపులాగే ఉంది" అన్నాడు. "వస్తువే దొంగది. పెట్టె కంపెనీది, లోపలి సరుకు నకిలీది."

ఆర్మ్ ఊడదీసే ముందు కాఫీకి లోపలికి వచ్చినప్పుడు అక్కయ్య వీలైనంత మామూలుగా అడిగింది. "ఆ రబ్బరు ఇంకెలాగైనా చిరుగుతుందాండీ?"

ఇలాంటివి అడిగితే మేస్త్రికి సంతోషం. గ్లాసు కింద పెట్టి, ఆవిడ చేతిలోని తడిగుడ్డ తీసుకుని రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టాడు.

"రబ్బరుని ఏ భంగిమలో బిగిస్తే అదే దాని సుఖం. చక్రం వేలాడుతుండగా బిగించామనుకో, బండి దించగానే ఇదిగో, ఇలా మెలి తిరుగుతుంది. నిలబడ్డా మెలే, నడిచినా మెలే. మెడ తిరిగిపోయి పడుకున్న మనిషిలాగా. ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? అందుకే కదా దించాక బిగించేది." గుడ్డ ఆవిడకి తిరిగి ఇచ్చాడు. "మనం దించాకే బిగించాం కాబట్టి ఆ బాధ లేదు."

ముప్ఫై ఏళ్ళుగా భోజనాల దగ్గర విన్న మాటే అది. ఎందుకని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. గుడ్డ పిండి తీగ మీద ఆరేసింది. అప్పుడే చెప్పాల్సింది. చెప్పడానికి బయటికి వెళ్ళింది కూడా. అప్పటికే బావా బావమరుదులిద్దరూ ఊడిన ఆర్మ్‌ని గోనెసంచీలో వేసుకుని దుకాణానికి బయల్దేరుతున్నారు.

"నువ్వూ రా" అన్నాడు మేస్త్రి. ఈమధ్య ఎక్కడికి వెళ్ళినా రమ్మంటున్నాడు. ఆవిడ చెప్పులేసుకుంది.

దుకాణంలో ఆ వేళకి రద్దీగా ఉంది. మేస్త్రి గోనెసంచీ విప్పి ఆర్మ్‌ని అద్దాల కౌంటరు మీద పెట్టాడు. కౌంటరు ఆమె నవ్వబోయి, అది చూసి ఆగిపోయింది. కళ్ళజోడు పైకి తోసుకుని బుష్‌ని వెలుతురులోకి తిప్పి చూసింది. వేలు పోనిచ్చి చిరుగు వెంట తడిమింది.

"మేస్త్రి గారూ, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఇది నాసిరకం సరుకు చిరిగే తీరు కాదు. మెలిపడి చిరిగింది. వేలాడుతుండగా గానీ బిగించారేమో."

వెనక నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి ముఖం ఎర్రబడింది.

"నాకు చెప్తున్నావా అమ్మా? నువ్వు ఈ కౌంటరు ఎక్కక ముందునుంచి ఈ మాట నేను ఊరందరికీ చెప్తున్నాను. దొంగ సరుకు అమ్మి నా పనికి వంక పెడతావా? నువ్వు పెట్టెలు మారుస్తున్నావని నేను అనుకోలేదు."

"నేను మార్చలేదండీ."

"అయితే ఎవరు మార్చారు? నేను దించాకే బిగించాను. గీత పెట్టాక గానీ బండి వదల్లేదు. మా ఆవిడ పెట్టింది. ఇదిగో, ఇక్కడే ఉంది, అడుగు."

గొడవకి లోపలి గదిలోంచి యజమాని బయటికి వచ్చాడు. దుకాణంలో ఉన్న కళ్ళన్నీ అక్కయ్య మీదికి తిరిగాయి. తమ్ముడివి, యజమానివి, ముక్కూ మొహం తెలియని వాళ్ళవి. కౌంటరు ఆమె మాత్రం కళ్ళజోడు తీసి, ఏదో సాయం అడుగుతున్నట్టు చూసింది.

"అవునమ్మా?" అన్నాడు యజమాని. "గీత పెట్టింది మీరేనా?"

"పెట్టాను" అంది అక్కయ్య.

అందులో అబద్ధం లేదు. ఇన్నేళ్ళ జీవితంలో అంత పెద్ద అబద్ధం ఆవిడ ఇంకొకటి ఆడలేదు.

యజమాని ఆర్మ్‌ని పక్కకి నెట్టాడు. పోయిన నెలలోనూ పెట్టె మారిందని ఒకరు వచ్చారని, అప్పుడు నమ్మి వదిలేశానని, మేస్త్రిలాంటి మనిషే వచ్చి చెప్పాక ఇంకేం మిగిలిందని అందరికీ వినపడేలా అన్నాడు. "ఇక రేపటినుంచి రావద్దు" అన్నాడు. "రేపేమిటి, ఇప్పుడే బయల్దేరు."

కౌంటరు ఆమె చెవి వెనక పెన్సిలు తీసి సొరుగులో పెట్టింది. సొరుగులోంచి తన కళ్ళజోడు పెట్టె, ఒక దువ్వెన, సగం అయిన తలనొప్పి మాత్రల అట్ట తీసి సంచీలో వేసుకుంది. కుర్చీ మీద వేసుకునే దిండు కూడా తనదే కాబోలు, అది సంచీలో పట్టక చంకలో పెట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు అక్కయ్య పక్కనుంచే వెళ్ళింది. కోపంగా చూస్తే బాగుండుననిపించింది అక్కయ్యకి. ఆమె చూడనే లేదు. ఇరవై ఏళ్ళు కూచున్న చోటునుంచి ఒక మనిషి, చంకలో దిండు పెట్టుకుని, ఎండలో వీధి దాటి వెళ్ళిపోయింది.

కొత్త ఆర్మ్ తీసుకుని ఇంటికి వచ్చారు. దారిలో తమ్ముడు, "బావ నోరు విప్పాడంటే డిపో అదిరిపోయేదట, ఈరోజు చూశాను" అన్నాడు. మేస్త్రి నవ్వలేదు.

"ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషిరా. ఎందుకు చేసిందో. ఇంట్లో ఏం ఇబ్బందో" అన్నాడు.

అక్కయ్య వాళ్ళకి నాలుగడుగులు వెనక నడిచింది. తన నీడ మీద తనే కాలేస్తున్నట్టుంది. తలకొట్టేసినట్టు అవడమంటే ఏమిటో పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివింది ఆవిడ. తల ఉన్నచోటే ఉంటుందని, అందులో ఒకే ఒక్క మాట మోగుతూ ఉంటుందని ఇప్పుడు తెలిసింది. పెట్టాను, పెట్టాను, పెట్టాను.

మధ్యాహ్నం అన్నాలు తిన్నారు. ఆవిడ వడ్డించి, తనకి ఆకలి లేదంది. తర్వాత వాళ్ళు కొత్త ఆర్మ్ ఎక్కించారు. ఈసారి మేస్త్రి తమ్ముణ్ణి పానా ముట్టుకోనివ్వలేదు. బండి చెక్కల మీదికి దిగాక తనే, నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని, అంగుళం అంగుళం కిందికి దూరాడు. తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. పానా కిర్రుమంది, ఆగింది, మళ్ళీ కిర్రుమంది.

"అయింది" అన్నాడు మేస్త్రి కిందినుంచి. "ఇదిగో, గీత పెట్టు."

అక్కయ్య సీసా చేతిలో పట్టుకుని నిలబడింది. ఆయన ముఖం కనపడదు. మోకాళ్ళ నుంచి కిందికి రెండు కాళ్ళు మాత్రమే బయట ఉన్నాయి, మడమల దగ్గర పగిలిన పాదాలు. ఆ పాదాలతోనే చెప్పింది ఆవిడ.

"పోయినసారి మీరు రెండోసారి బిగించలేదు."

పాదాలు కదల్లేదు.

"మీరు బిగించలేదండీ. నడుము పట్టేసి పడుకున్నారు. లేచి నన్నడిగారు. బిగించారని నేనే అబద్ధం చెప్పాను. చెప్పాక వచ్చి గీత పెట్టాను. ఆమె ఏమీ మార్చలేదు."

తమ్ముడి చేతిలో టార్చి వెలుగు చక్రం మీంచి నేల మీదికి జారింది.

"అక్కా, నువ్వేమంటున్నావు?"

"నిజమే అంటున్నానురా."

"పోయిన వారం ఆ బండిలో పాపని ఎక్కించుకుని కొండదారి దిగాను నేను." అతను గొంతు పెంచలేదు. పెంచితే ఆవిడకి తేలికయ్యేది. "గీత చూసుకునే ఎక్కించుకున్నాను."

మేస్త్రి నెమ్మదిగా బయటికి జరిగి, తమ్ముడు అందించిన చెయ్యి పట్టుకోకుండా, చక్రానికి వీపు ఆనించి కూచున్నాడు. గ్రీజు చేతుల్ని చాలాసేపు చూసుకున్నాడు.

"నేను అడిగాను కదా" అన్నాడు. "నాకు గుర్తు లేకే కదా అడిగాను. గుర్తు లేదని నీకు తెలుసు."

"తెలుసు."

"ఎన్నాళ్ళనుంచి తెలుసు?"

"ఏడాది పైనే అయింది."

"నాకూ తెలుసే." ఆయన తల ఎత్తలేదు. "తెలియదనుకున్నావా? నాకేది అనుమానమైనా నిన్నే అడుగుతున్నాను, చూశావా? తాళం వేశానా, మందు వేసుకున్నానా, ఫలానావాడు బతికున్నాడా పోయాడా. నువ్వు అవునంటే అవును, కాదంటే కాదు. నీ మాట పట్టుకునే రోజులు నెట్టుకొస్తున్నాను. అదే పుచ్చిపోతే ఇక నేను దేన్ని పట్టుకోవాలి?"

అక్కయ్య అక్కడే నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. ఏడిస్తే ఆయన ఓదారుస్తాడు, ఓదార్పు తీసుకునే ముఖం తనకి లేదనిపించింది. తమ్ముడు ఇద్దరినీ చూసి, టార్చి ఆర్పి, పనిముట్లు ఒక్కొక్కటే పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. బావ మతిమరుపు సంగతి అతను అప్పుడే వింటున్నాడు. అది కూడా తన దగ్గర దాచారన్న మాట అతని వీపులోనే కనిపిస్తోంది.

మేస్త్రి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు.

"పద" అన్నాడు.

"నేనొక్కదాన్నే వెళ్ళి చెప్తాను. తప్పు నాది."

"నోరు పారేసుకున్నది నేను. పద."

తమ్ముడు అప్పటికే బండి స్టార్టు చేశాడు. అద్దం దించి, "వెళ్తున్నా బావా" అన్నాడు. అక్క వైపు చూసి, కాసేపు మాట వెతుక్కుని, "వెళ్తున్నా" అనే అన్నాడు. వెళ్ళొస్తాననలేదు. ఇంటిల్లిపాదీ గడప దాటేటప్పుడు ఎప్పుడూ తప్పక అనే మాట అది. గేటు దగ్గర నిలబడే అర్హత కూడా లేనట్టు అక్కయ్య లోపలే ఆగిపోయింది. టక్కుటక్కుమన్న చప్పుడు లేకుండా బండి వీధి గోతులు దాటి మలుపు తిరిగింది.

వాళ్ళు వెళ్ళేసరికి దుకాణంలో యజమాని ఒక్కడే ఉన్నాడు. ఎవరో అడిగిన బ్రేకు ప్యాడ్లు దొరక్క పెట్టెలన్నీ కిందికి లాగి వాటి మధ్య కూచుని ఉన్నాడు. మేస్త్రి ఏదో అనబోయేలోగా అక్కయ్య ముందుకి నడిచి కౌంటరు దగ్గర నిలబడింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. బిగించలేదు, గీత నేనే పెట్టాను, పొద్దున అవునన్నాను, ఆమె తప్పేమీ లేదు. అంతే అనగలిగింది. యజమాని ఆవిడనీ మేస్త్రినీ మార్చి మార్చి చూశాడు.

"ఇంతమంది ముందు ఆ మనిషిని వెళ్ళగొట్టించారు కదమ్మా."

"అవును."

"నేనూ ఒక మాట అడిగి ఉండాల్సింది" అని గొణుక్కుంటూ అతను ఫోను తీసి నంబరు కలిపాడు. రెండు ముక్కలు మాట్లాడి, నీళ్ళు నమిలి, ఫోను అక్కయ్యకి ఇచ్చాడు. అక్కయ్య మళ్ళీ అంతా చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకుంది. కాలేదు. అవతల కుక్కర్ కూత, ఎవరో పిల్లలు దేనికో పోట్లాడుకోవడం వినిపిస్తున్నాయి.

"వినపడుతోందా అమ్మా?" అంది అక్కయ్య.

"వినపడుతోంది. ఈ మాట పొద్దున చెప్పాల్సింది మీరు."

"అవును."

"మా ఇంట్లోవాళ్ళు మధ్యాహ్నం నుంచి నన్ను చూస్తున్నారు, నిజంగానే మార్చానేమోనని. అడగరు. చూస్తారు." ఆమె ఆగింది. "వస్తాను. ఉద్యోగం కావాలి కాబట్టి సోమవారం వస్తాను. మేస్త్రి గారిని ఎప్పటిలాగే రమ్మనండి. మిమ్మల్ని మాత్రం నేను పలకరించలేకపోతే ఏమీ అనుకోవద్దు."

"అనుకోను" అంది అక్కయ్య. ఇంకేదో అందామనుకుంది. అవతల ఫోను పెట్టేశారు.

వాళ్ళు బయటికి వచ్చేసరికి ఎండ పల్చబడింది. దుకాణాల ముందు నీళ్ళు చల్లుతున్నారు. ఇద్దరూ ఇంటికి నడిచారు. మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకోలేదు, అలాగని ముందుకీ పోలేదు. నాలుగు దారులు కలిసే చోట ఆయన ఆగాడు. కుడివైపు చూశాడు, ఎదురుగా చూశాడు. డిపోకి సైకిలు మీద ముప్ఫై ఒక్కేళ్ళు రోజూ రెండుసార్లు దాటిన చోటు అది. ఆయన కుడివైపు వీధిలోకి ఒక అడుగు వేసి, రెండోది వేయకుండా నిలిచిపోయి, ఆవిడ వైపు తిరిగాడు.

"ఇదిగో, మన ఇంటి దారి ఇదేనా?"

ఆ గొంతు ఆవిడకి తెలుసు. అవునని ఆయనతోపాటు నాలుగడుగులు వేసి, మాటల్లో పెట్టి, ఏ సందులోంచో చుట్టూ తిప్పి ఇంటికి చేర్చడం కూడా ఆవిడకి తెలుసు. ఏడాదిగా ఎన్నోసార్లు చేసిన పనే.

"కాదండీ" అంది అక్కయ్య. "మీరు దారి తప్పారు. మన ఇల్లు అటు."

ఆయన ముఖం ఒక్క క్షణం ముడుచుకుంది, తలుపు సందులో వేలు నలిగినట్టు. ఆవిడ చూపు తిప్పుకోకుండా చూసింది. తర్వాత ఆయన తలూపి, ఆవిడ చూపించిన వైపు తిరిగాడు.